ఉయ్యాలల బడి

పోయిన నెల మా అక్క మునిమనవరాలిని ఉయ్యాలలో వేస్తుంటే వెళ్ళాను. పేరు పెట్టడం అయింది, శనగలు పంచడం అయింది, పాట అందుకునేవాళ్ళే లేరు. ఒకమ్మాయి సెల్‌ఫోన్లో జోలపాట పెట్టబోతుంటే ఎవరో ఆపి, "మామ్మ ఉండగా ఫోనెందుకే, ఆవిడ చేత పాడిద్దాం" అన్నారు. అక్క మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఉయ్యాల తాడు చేతిలోకి తీసుకుని, కళ్ళు సగం మూసుకుని, రాగం తీస్తూ మొదలుపెట్టింది.

"రెండొకట్ల రెండూ... రెండ్రెళ్ళు నాలుగూ... రెండు మూళ్ళు ఆరూ..."

ఇల్లంతా ఒకటే నవ్వు. అక్క మనవడి పెళ్ళాం పొట్ట పట్టుకుని, "జోల పాడమంటే ఎక్కాలు చెబుతుందేంటండీ, మామ్మకి చాదస్తం ముదిరింది" అంది. నా నోరు మంచిది కాదని మా చుట్టాలందరికీ తెలుసు. "మీ ఆయన కూడా ఈ ఎక్కాలకే నిద్రపోయాడమ్మా, వెళ్ళి అడుగు" అని వసారాలోకి వచ్చి కూర్చున్నాను. పక్కింటి డాబా మీద మిరపకాయలు ఎండబోసినట్టున్నారు. ఆ ఘాటుకి రెండు తుమ్ములొచ్చాయి. లోపల అక్క రెండో ఎక్కం దాటి మూడో ఎక్కంలోకి వచ్చింది.

అక్కకి జోలపాటలు రావు. నేర్చుకోవాల్సిన వయసులో అది ఎక్కాలతోనే ఉయ్యాలలూపింది. అదీ బడిలో. నేను పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని, జిల్లాలో చాలా బళ్ళు చూశాను. దూలానికి ఉయ్యాలలు కట్టిన బడి మాత్రం మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అద్దంకి రోడ్డు దిగి నల్లరేగడిలో చాలా దూరం నడిస్తే మా పల్లె. పల్లెకీ పెద్ద ఊరికీ నడుమ వాగు. బడి అవతల ఒడ్డున. మగపిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని దాటేవాళ్ళు, వాగు పొంగితే సంబరంగా మానేసేవాళ్ళు. ఆడపిల్లల్ని పంపే మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాకు ఊహ తెలిశాక ఎవరు తిరిగారో, ఎవరి కాళ్ళు పట్టుకున్నారో, మా పల్లెకీ ఒక టీచరుతో బడి ఇస్తామన్నారు. గది మాత్రం మీరే చూపించుకోవాలన్నారు. వరసకు మాకు పెదనాన్న అయ్యే ఆసామి ఒకాయన తన పత్తి గది ఇచ్చాడు.

కళ్ళం అంచున ఒంటరిగా ఉండేది ఆ గది. మందమైన మట్టిగోడలు, నడుమ తాటిదూలం, పైన పెంకు. కిటికీ లేదు. పత్తికి కిటికీ ఎందుకు? వాన జల్లు కొడుతుంది, ఎవరైనా బీడీ విసిరితే నిప్పంటుకుంటుంది. పిల్లలకు గాలి కావాలి గదా అంటే, "పంట ఇంటికి రానీండి, గోడకి కన్నం పెట్టిస్తా" అన్నాడు పెదనాన్న. ఆ పంట వచ్చింది, ఇంకో పంట వచ్చింది, కిటికీ మాత్రం రాలేదు. తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళకే పలక మీద అక్షరం కనపడేది. లోపల పత్తిగింజల వాసన, కొంచెం నూనెగా, కొంచెం బూజుగా. సాయంత్రం ఇంటికెళ్తే మా జుట్లలో దూది పింజలుండేవి.

టీచరమ్మది చీరాల. నేతగాళ్ళ ఇంటి పిల్ల, అప్పటికి పెళ్ళి కాలేదు. వాళ్ళ నాన్న నేసిన చీరలే కట్టేది. పెదనాన్న వాళ్ళ వసారా గదిలో ఉండి, ఆదివారాలకి ఊరెళ్ళొచ్చేది. బడి తెరిచిన రోజున మగపిల్లలు, వాళ్ళ మధ్య నేనొక్కదాన్ని. మిగతా ఆడపిల్లలేరని ఆమె ఇంటింటికీ తిరిగింది. మా ఇంటికొచ్చేసరికి అక్క తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వాడికింకా నడక రాలేదు. అమ్మ, నాన్న తెల్లారగానే చేలోకి పోతారు. తమ్ముడి చాకిరీ అంతా అక్కదే.

"దీన్ని బడికి పంపితే వీణ్ణెవరు ఎత్తుకుంటారమ్మా, నువ్వా?" అంది మా నాయనమ్మ.

టీచరమ్మ అక్కని చూసింది, తమ్ముణ్ణి చూసింది. "వాణ్ణి కూడా పంపండి మామ్మగారూ" అంది.

"వాడికేం వచ్చని?"

"నిద్రపోవడం వచ్చు గదా. అది చాలు."

నాయనమ్మ జన్మలో మాట పడని మనిషి. ఆ పూట మాత్రం చేట తీసుకుని లోపలికి పోయింది.

ఆదివారం వెళ్ళిన టీచరమ్మ వాళ్ళమ్మ పాత చీరలు మూట కట్టుకొచ్చింది. పెద్ద పిల్లవాణ్ణి దూలమెక్కించి ఉయ్యాల కట్టింది. తాడు చివర అక్క కాలి బొటనవేలికి తగిలించింది. "మా ఇంట్లో మగ్గం పక్కనే ఉయ్యాల ఉండేది. మా అమ్మ నూలు కండెలు చుడుతూ కాలితో ఊపేది. చేతులు ఖాళీగా ఉంటాయి, నూలు పని నూలుదే, పిల్లాడి పని పిల్లాడిదే" అంది. అక్క ఒళ్ళో పలక పెట్టుకుంది. కాలు ఆడుతోంది, చెయ్యి దిద్దుతోంది. దాని మొహం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. తలుపులోంచి వచ్చే వెలుతురంతా దాని మీదే పడ్డట్టుండేది.

ఒక ఇంటి నుంచి వస్తే ఇక మిగతా ఇళ్ళు ఆగుతాయా? చంకలో పిల్లలతో ఆడపిల్లలంతా వచ్చారు. దూలం నిండిపోయింది. పెదనాన్న తొంగి చూసి, "ఇది బడా, పురిటిల్లా?" అన్నాడు. ఎక్కాలు చెప్పేటప్పుడు కాళ్ళన్నీ ఒక్కసారే ఆడేవి, ఉయ్యాలలన్నీ ఒక్కసారే ఊగేవి, దూలం కిర్రుమనేది. పిల్లలు ఆ పాటకి ఇట్టే నిద్రపోయేవాళ్ళు. ఎక్కం ఆగిందంటే లేచేవాళ్ళు. అందుకని మా బడిలో లెక్కలు ఎక్కువ, మిగతావి తక్కువ.

మధ్యాహ్నం కోతల నుంచి తల్లులు పాలివ్వడానికి వచ్చేవాళ్ళు. మిరపకాయలు కోసిన చేతులు గదా, ముందు మజ్జిగతో రుద్దుకుని, తర్వాత ఆముదం రాసుకుని, తుడుచుకుని గానీ బిడ్డని ముట్టుకునేవాళ్ళు కాదు. అక్క మజ్జిగ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "సరిగ్గా కడుక్కో పిన్నీ" అని పెద్దవాళ్ళని గదమాయించేది. ఒకరోజు నేనూ ఇంకొకత్తీ కలిసి ఉయ్యాలల్లో పిల్లల్ని అటూ ఇటూ మార్చేశాం. ఒకావిడ చీకట్లో చూసుకోకుండా పక్కింటి పిల్లాడికి పాలిచ్చేసి, ఆ తర్వాత మొహం చూసి కెవ్వుమంది. నా వీపు మోగింది. తిట్టాల్సిన టీచరమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంది.

అన్నాలు అందరం కలిసే తినేవాళ్ళం. జొన్నన్నం, గోంగూర, ఆ కాలమైతే కొత్త పండుమిరపకాయలు రోట్లో వేసి చింతపండుతో నూరిన కొరివికారం. అన్నంలో నూనె పోసుకుని కలిపితే ఆ వాసనకే నోరూరేది. టీచరమ్మ ఒక ముద్ద తిని చెంబుడు నీళ్ళు తాగేది. "చీరాలోళ్ళవి మెత్తటి నాలికలు" అని అక్క ఏడిపించేది. టీచరమ్మని అలా అనే చనువు దానికొక్కదానికే ఉండేది.

మరుసటి ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. నాన్న మందు డబ్బా తెచ్చి, ఎంత కలపాలో ఎవరిని అడగాలా అని చూస్తుంటే, అక్క డబ్బా తీసుకుని కూడబలుక్కుని చదివింది. నాన్న అది చెప్పిన కొలత వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. డబ్బా తీసుకుని వెళ్ళి, వాకిట్లో ఉన్నవాళ్ళతో, "మా పెద్దది చదివి చెప్పింది" అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రం కనీసం నలుగురితో అన్నాడు. ఆ రోజు నుంచి నాయనమ్మ కూడా మారిపోయింది. పొద్దున్నే తనే తమ్ముడికి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, "పో అమ్మాయ్, ఆలస్యమవుతుంది" అని తరిమేది. అక్క మాత్రం నాతో పడుకున్నప్పుడు చెప్పేది. "నేనూ టీచరమ్మనవుతానే. నా బడికి కిటికీలుంటాయి. ఉయ్యాలలన్నీ కిటికీ పక్కనే కడతా."

పత్తి పురుగు పాలైంది. ఊరంతా మిరప మీదే ఆశ పెట్టుకుంది. కాయ బ్రహ్మాండంగా కాసింది, కోశారు, కళ్ళంలో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండబోశారు. ఇంకో రెండెండలు కాస్తే గోతాలకెత్తడమే. అప్పుడు, వానలు రాకూడని కాలంలో, కొత్తపట్నం వైపు నుంచి మబ్బు లేచింది. సముద్రంలో వాయుగుండమట. మధ్యాహ్నానికి చీకటి కమ్మింది. ఉన్న పట్టలు, గోనెలు, దుప్పట్లు, పెళ్ళి చీరలతో సహా తెచ్చి కప్పుతున్నారు. ఎవరికీ చాలట్లేదు. తడిసిన మిరపకాయ తెల్లబడిపోతుంది, దాన్ని ఎవరూ కొనరు. నాన్న కళ్ళం మధ్య నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. తలపాగా విప్పి దాన్నీ కాయల మీద పరిచాడు.

టీచరమ్మ బడి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. లోపలికెళ్ళి ఉయ్యాలలు ఒక్కొక్కటే విప్పింది. పిల్లల్ని పెద్ద పిల్లల చేతుల్లో పెట్టింది. బయటికొచ్చి, "అన్నయ్యగారూ, కాయలు లోపల పోయండి" అంది.

పెదనాన్న తటపటాయించాడు. "బడి గదమ్మా."

"గది మీదే గదండీ."

"ఇచ్చాక మాదెట్టవుద్దమ్మా?"

"నాలుగు రోజులే గదా, పోయండి" అంది ఆమె.

ఇక చూడాలి ఆ హడావుడి. పెద్దలు గంపలకెత్తుతుంటే మేమంతా వరసకట్టి మోశాం. తమ్ముణ్ణి నాయనమ్మకిచ్చి అక్క అందరికంటే పెద్ద గంప ఎత్తుకుంది. తుమ్ముతూ, దగ్గుతూ, నవ్వుతూ పరిగెత్తాం. మేం కూర్చునే చోటు మునిగింది, నల్లబల్ల మునిగింది, చివరికి దూలం అందేదాకా నింపేశాం. తలుపు మూయడానికి నలుగురు మగవాళ్ళు తోయాల్సి వచ్చింది. తలుపు మూసీ మూయగానే చినుకు పడింది. అక్క నా పక్కన నిలబడి, ఎర్రబడ్డ కళ్ళతో, "మన బడి ఊరిని కాపాడిందే" అంది. మా బడిని మా చేతులతోనే పూడ్చేశామని అప్పుడు మాకు తెలియదు.

వాన వారం దాకా వదల్లేదు. చుట్టుపక్కల పల్లెల్లో కాయంతా తెల్లబడి బూజు పట్టింది. మా పల్లె కాయ మాత్రం ఎర్రగా బండ్లెక్కి గుంటూరు వెళ్ళింది. టీచరమ్మని ప్రతి ఇంట్లో భోజనానికి పిలిచారు. నాయనమ్మ ఆమె కోసం కారం తగ్గించి కూర వండింది. మా ఇంట్లో అలాంటి కూర అంతకుముందు వండలేదు, ఆ తర్వాతా వండలేదు.

మళ్ళీ బడి తెరిచారు. ఊడ్చారు, కడిగారు, పేడతో అలికారు, గోడలకి సున్నం కొట్టారు. అంతా తళతళలాడింది. ఉయ్యాలలు కట్టారు. ఎండ పైకెక్కేసరికి ఘాటు లేచింది. వారం రోజులు చెమ్మ కాయలు ఆ మూసిన గదిలో వేడెక్కాయి గదా, గోడ మట్టి ఆ కారం తాగేసింది. పగుళ్ళలో గింజలు, దూలం మీద దుమ్ము. ఉయ్యాల ఊగినప్పుడల్లా ఆ దుమ్ము పిల్లల కళ్ళల్లోకి రాలేది. మాకు ముక్కులు కారాయి, సర్దుకున్నాం. పసిపిల్లలు ఎలా సర్దుకుంటారు? పట్టపగ్గాల్లేకుండా ఏడ్చారు.

బయట కూర్చుందామంటే కళ్ళంలో చెట్టు లేదు. నీడ పడితే కాయ ఎండదని ఉన్న చెట్లు ఏనాడో కొట్టేశారు. ఉయ్యాల దేనికి కట్టాలి? గోడకి కిటికీ కొడదామంటే పెదనాన్న గోడంతా తడిమి చూసి, "దూలం బరువంతా దీని మీదే ఉందమ్మా, వానకి నాని ఉంది, ఇప్పుడు కొడితే గోడ దిగిపోద్ది" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. పాపం, ఆయనకీ దిగులుగానే ఉంది. అక్క రోజూ అందరికంటే ముందు వెళ్ళి, తడిగుడ్డతో దూలం తుడిచేది. దాని కళ్ళు వాచిపోయేవి. ఇంట్లో అడిగితే, "ఏం లేదు, నలక పడింది" అనేది.

పిల్లలెందుకు ఏడుస్తున్నారన్నది నాయనమ్మ తనకు తోచినట్టు తేల్చింది. "పక్క పల్లెలోళ్ళ కాయ పోయి మన కాయ నిలబడిందా, ఆ కళ్ళన్నీ బడి మీద పడ్డాయి. దిష్టి తగిలింది" అంది. మా ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ అందులో తప్పు కనపడలేదు. దిష్టికి మందేమిటి? ఉప్పు, ఎండుమిరపకాయలు. తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటు రాకూడదు. రాలేదంటే దిష్టి ఉంది, పోయిందని అర్థం. ఘాటొస్తే అసలు దిష్టే లేదని.

మేం పన్నెండో ఎక్కం మొదటిసారి చెబుతున్నాం. అక్క లేచి నిలబడి చెప్పిస్తోంది, కాలి వేలికి తాడు అలాగే ఉంది. తమ్ముడు అప్పుడే కళ్ళు మూశాడు. "పన్నెండైదులు అరవై" అన్నదాకా వచ్చింది. నాయనమ్మ మూకుడు నిండా నిప్పులతో, గుప్పెడు మిరపకాయలతో గుమ్మంలోకి వచ్చింది.

టీచరమ్మ లేచింది. "మామ్మగారూ, బయట తీద్దామండీ."

"దిష్టి బడికమ్మా. బడికి తీసేది బడి బయట తీస్తారా?" అని నాయనమ్మ నాలుగు మూలలా తిప్పి, ఉయ్యాలల చుట్టూ తిప్పి, కాయలన్నీ నిప్పుల్లో పోసింది.

కిటికీ లేని గది. ఆ తర్వాత ఎవరం ఎలా బయటపడ్డామో నాకు సరిగ్గా గుర్తు లేదు. టీచరమ్మ ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో ఈడ్చుకొచ్చింది. అక్క తమ్ముణ్ణి గుండెకి అదుముకుని వచ్చింది. దాని కాలికి తాడు వేళ్ళాడుతూనే ఉంది. ఆఖరున నాయనమ్మ వచ్చి, కళ్ళూ ముక్కూ ధారలు కారుతుంటే గుమ్మం పట్టుకుని నిలబడి, "ఘాటొచ్చింది. దిష్టేం లేదు. పిల్లల్ని పడుకోబెట్టుకోండి" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికి చెప్పినా పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వించడానికే చెబుతాను. ఆ పూట మాత్రం ఎవరూ నవ్వలేదు. తమ్ముడు ఊపిరందక నీలంగా అయిపోయాడు. అమ్మ చేలోంచి జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది. వాడు తేరుకునేసరికి పొద్దుగూకింది.

మర్నాటి నుంచి ఏ తల్లీ పసిపిల్లని బడికి పంపలేదు. పసిపిల్ల రాకపోతే ఎత్తుకునే పిల్ల ఎలా వస్తుంది? ఆడపిల్లలందరూ ఒక్కరోజులో మాయమయ్యారు. అక్క అమ్మ కాళ్ళు పట్టుకుంది. "గుమ్మంలోనే కూర్చుంటానమ్మా, లోపలికి తీసుకెళ్ళను." అమ్మ తమ్ముడి వీపు నిమురుతూ కూర్చుంది. నాయనమ్మ గోడకి తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆవిడ ఎవరికీ దిష్టి తీయలేదు. ఎవరైనా పిలిస్తే చెయ్యి నొప్పనేది.

వేసవి ముందు పైనుంచి ఆఫీసరొకాయన వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. నలుగురైదుగురు పిల్లలం. ఈ మాత్రానికి బడెందుకు, వాగవతల కలిపేస్తే సరి అన్నాడు. కలిపేశారు. కోపగించుకోవడానికి నాకు ఆయనలోనూ తప్పు దొరకదు. అదే నాకు ఒళ్ళు మంట. ఎవరిదో ఒకరిది తప్పయితే ఇన్నేళ్ళూ వాళ్ళని తిట్టుకుని అయినా బతికేదాన్ని.

టీచరమ్మ వెళ్ళే రోజు మా ఇంటికొచ్చింది. నాన్న ముందు నిలబడి, "నేనా రోజు తలుపు తీయకుండా ఉండాల్సిందండీ" అంది.

"తీయకపోతే పిల్లలకేం పెట్టేవాళ్ళం తల్లీ?" అన్నాడు నాన్న.

తమ్ముడికి ఉయ్యాల కట్టిన నీలం చీర మడిచి ఆమె అక్క చేతిలో పెట్టింది. అక్క ఏడవలేదు. ఆమె బండెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, చీర చాపి కొలుచుకుని, సగానికి చింపింది. మర్నాటి నుంచి ఆ ముక్క నెత్తికి చుట్టుకుని, ముక్కు మీదుగా కట్టుకుని, అమ్మతో కాయ కోతకి వెళ్ళింది. చేను గట్టు మీది చెట్టుకి ఉయ్యాల కట్టి తమ్ముణ్ణి పడుకోబెట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఊపిపోయేది. నేను చిన్నదాన్ని, నా చంకలో ఎవరూ లేరు. నాన్న భుజం మీద వాగు దాటించేవాడు. దాటాక వెనక్కి చూస్తే చేలో ఆ నీలం గుడ్డ కనపడేది. నేను చదువుకున్నాను. దాని చదువు కూడా నేనే చదివానని కొందరంటారు. ఎవరి చదువు ఇంకొకరు చదవగలరు?

తమ్ముడికిప్పుడు గుంటూరులో మిర్చి వ్యాపారం. మనవలున్నారు. నడక రాకముందే బడికెళ్ళినవాణ్ణని చెబితే నమ్మడు. ఆ గది పడిపోయి చాలా కాలమైంది. ఆ జాగాలో ఇప్పుడు ట్రాక్టర్లు పెట్టుకుంటున్నారు.

వసారాలో కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే లోపల నవ్వులు సద్దుమణిగాయి. చుట్టాలు భోజనాలకి లేచినట్టున్నారు. నేను లోపలికెళ్ళాను. ఉయ్యాల దగ్గర అక్క ఒక్కతే ఉంది. కింద కూర్చుని, తాడు కాలి బొటనవేలికి తగిలించుకుంది. పదకొండో ఎక్కం అయిపోయి పన్నెండోది మొదలైంది.

"పన్నెండు నాలుగులు నలభై ఎనిమిదీ... పన్నెండైదులు అరవై..."

ఆగింది. కాలు మాత్రం ఆడుతూనే ఉంది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. "పన్నెండార్లు డెబ్బై రెండక్కా."

అక్క నా వైపు చూసి, నెమ్మదిగా నవ్వింది.

"అంతదాకా ఎప్పుడూ అవసరం రాలేదే. ఈలోపే నిద్రపోతారు."

నేను ఉయ్యాలలోకి తొంగి చూశాను. పిల్ల గుడ్లప్పగించి దూలం వైపు చూస్తోంది. అక్క కూడా చూసింది. గొంతు సవరించుకుని, మళ్ళీ రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టింది.